ట్రైలర్ పెద్దది, పడవ చిన్నది: కోయాలా, అమ్మాలా, తిప్పి పంపాలా?

గంజాం జిల్లా దక్షిణపు కొసన, బాహుదా నది సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఉన్న ఒక మత్స్యకార గ్రామం నుంచి ఈ ఉత్తరం వచ్చింది. రాసినవారికి 36 ఏళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా. ఇచ్ఛాపురంలో తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురి చేత ఉత్తరం రాయించానని చెప్పారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కొలతలు మరీ శ్రద్ధగా ఉన్నాయి.

తండ్రీ కొడుకులకు కలిపి ఉన్నది 16 అడుగుల ఫైబర్ పడవ ఒక్కటే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి వీరి పాత పడవ ఒడ్డునే తలకిందులై విరిగిపోయింది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పద్నాలుగు మంది భుజాలు వేసి కొత్త పడవను సరుగుడు తోట వెనక్కి చేర్చారు. వాయుగుండం అన్న మాట చెవిన పడితే చాలు, ఆ ఇంట్లో పెద్దాయనకు ఇప్పటికీ నిద్ర ఉండదు.

విశాఖపట్నంలో వెల్డింగు పని చేసుకునే బావగారు ఇది చూడలేక, ఒక వేలంలో పాత ట్రైలరు, అంటే పడవను ఎక్కించి బండి వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల చట్రం, కొని పంపారు. ధర 38 వేలు. సగం బావగారు పెట్టారు, మిగతా సగానికి వీరి భార్య మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లింది. తీరా చూస్తే ఆ ట్రైలరు 22 అడుగుల విహార పడవ కోసం చేసినది. హుక్కు నుంచి ఇరుసు దాకా 17 అడుగులు, ఇరుసు వెనక 7 అడుగులు, మొత్తం 24. మొదటిసారి పడవ వెనక పలకను ట్రైలరు తోకకు సమానంగా పెట్టి జాతీయ రహదారి ఎక్కించారు. గిరిసోల దాటుతుండగా నలభై వేగానికే ట్రైలరు అటూ ఇటూ ఊగి, వెనక లారీ వాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడట. రెండోసారి పడవను 4 అడుగులు ముందుకు జరిపారు. ఊగడం తగ్గింది కానీ బొలెరో వెనక భాగం కుంగింది, నది రేవులో చక్రాలు మునిగినా పడవ తేలలేదు. పైగా వెనక పలక దగ్గర అడుగున జానెడు పొడవు సన్నని గీత కనిపించింది. నాన్నగారు ఆ గీత మీద వేలు పెట్టి తడిమి చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున పది మందిని పిలిచి పడవను చేతులతోనే లాక్కుపోయారు.

బరంపురంలోని ఒక వర్క్‌షాపు వారు ముందు కడ్డీలో 3 అడుగులు కోసి, ఇరుసును వెనక్కి జరిపి వెల్డింగు చేస్తామంటున్నారు. గంగమ్మ గుడి మలుపులో 24 అడుగుల బండి తిరగడం లేదు కాబట్టి ఎలాగూ కోయక తప్పదన్నది వారి మాట. పక్క ఊరి వ్యాపారి 25 వేలకు కొంటానంటున్నాడు. అమ్ముతారని తెలిసి అక్కగారు ఫోనులో ఏడ్చారు. "కోయమంటారా, అమ్మమంటారా, బావకే తిప్పి పంపమంటారా? నాన్న మౌనాన్ని ఏం చేయమంటారు?" అని అడుగుతున్నారు.

సమాధానం:

ముందుగా ఒక మాట. మీ ఉత్తరంలో మూడు అంకెలు ఉన్నాయి, వాటి విలువ మీకు తెలిసినట్టు లేదు. వలలు, ఇంజను అన్నీ వేసి వేబ్రిడ్జి మీద తూయిస్తే పడవా ట్రైలరూ కలిసి 770 కిలోలు వచ్చాయని రాశారు. జీడిపిక్కల వ్యాపారి కాటా మీద హుక్కును ఆనించి చూస్తే మొదటి అమరికలో 15 కిలోలు, 4 అడుగులు జరిపాక 121 కిలోలు తూగిందని కూడా రాశారు. మీ సమస్యలో సగం ఈ అంకెల్లోనే తీరిపోతుంది. అందుకే ఎవరి చేతికీ రంపం ఇవ్వకముందు ఇది చదవండి.

మా నాన్న ఎడ్లబండ్లు చేసిన వడ్రంగి. బండిలో బస్తాలు వేశాక, ఎడ్లను కట్టకముందు, నొగ కొసను అరచేతిలోకి తీసుకుని ఎత్తి చూసేవారు. బరువు అరచేతికి తెలియాలి, భుజానికి తెలియకూడదు అనేవారు. వెనక బరువెక్కువైతే నొగ పైకి లేచి పలుపు ఎద్దు గొంతుకు బిగుస్తుంది. ముందు ఎక్కువైతే కాడి మెడ మీద కూర్చుంటుంది. పడవ ట్రైలరుకూ ఇదే లెక్క. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం దాకా హుక్కు మీద పడాలి. మీ 770 కిలోలకు అది సుమారు 38 నుంచి 77 కిలోలు. మొదటిసారి మీకు వచ్చిన 15 అంటే 2 శాతం. గిరిసోల దగ్గర తోక ఆడించింది అందుకే, డ్రైవరు తప్పు కాదు. రెండోసారి వచ్చిన 121 అంటే దాదాపు 16 శాతం. బొలెరో కుంగింది అందుకు.

ఇప్పుడు 121లోంచి 15 తీసేయండి, 106. దాన్ని 4 అడుగులకు పంచండి. పడవను ఒక్క అడుగు ముందుకు జరిపితే హుక్కు మీద 26 కిలోల పైచిలుకు పెరుగుతుందన్నమాట. మొదటి చోటు నుంచి ఒకటిన్నర అడుగు జరిపితే 15కు మరో 40 కలిసి 55 కిలోలు. సరిగ్గా మధ్యలో పడుతుంది. ఇరుసును ముట్టుకోకుండానే, ఒక్క చోట కూడా కోయకుండానే. వర్క్‌షాపు వారు ఇరుసు జరపాలని చెప్పడంలో దురుద్దేశం ఉందని నేను అనను. పడవ తోకకు సమానంగానే ఉండి తీరాలనుకుంటే వారి మాట నిజమే. మీకు ఆ పట్టింపు అవసరం లేదు.

లెక్క కాగితం మీద కుదిరిందని ఊరుకోవద్దు, మళ్లీ తూయండి. తూచేటప్పుడు హుక్కు బొలెరోకు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ఉండాలి. అవసరమైతే కాటా కింద ఇటుకలు పేర్చండి. వలలు ఎక్కడ వేసి ప్రయాణం చేస్తారో అక్కడే వేసి తూయండి. ఆ వలల కుప్పను వెనక నుంచి ముక్కు వైపుకు మార్చితేనే కాటా ముల్లు ఎంత కదులుతుందో మీరే చూస్తారు. పెట్రోలు డబ్బా, ఐసు పెట్టె కూడా అంతే.

పడవ ముందుకు జరిగింది కాబట్టి ముక్కును పట్టి ఉంచే వించి (తాడు చుట్టి లాగే మర) స్తంభాన్ని మాత్రం మార్చాలి. అది 22 అడుగుల పడవ ముక్కు దగ్గర, అంటే హుక్కుకు 2 అడుగుల దూరంలో ఉండి ఉంటుంది. మీ పడవ ముక్కు హుక్కుకు ఆరున్నర అడుగుల దూరంలోకి వస్తుంది. మధ్యలో నాలుగున్నర అడుగుల తాడు వేసి లాగి కట్టారేమోనని నా అనుమానం. అలా చేస్తే బ్రేకు వేసినప్పుడు పడవ ముందుకు ఉరుకుతుంది. స్తంభాన్నే వెనక్కి తెచ్చి, దాని రబ్బరు దిమ్మకు ముక్కు ఆనేలా యూ బోల్టులతో బిగించాలి. వెనక పలక నుంచి రెండు పట్టీలు కిందికి కట్టాలి. ముక్కుకు వించి తాడుతో పాటు విడిగా ఒక గొలుసు ఉండాలి. ఇంకొకటి, పడవ ఒకటిన్నర అడుగు లోపలికి వచ్చాక ఇంజను కాలు ట్రైలరు వెనక అడ్డ ఇనుము పైకి వస్తుంది. పైకి లేపి కట్టినప్పుడు రెండింటి మధ్య గుంతల రోడ్డు కుదుపుకు సరిపడా ఎడం ఉందో లేదో చూడండి.

ఇక ఆ గీత సంగతి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ట్రైలరు పొడవు వల్ల వచ్చినది కాదది, వెడల్పు వల్ల వచ్చింది. పెద్ద పడవను మోయడానికి ట్రైలరు మీద దూరందూరంగా పెట్టిన రెండు దూలాల మధ్యకు మీ చిన్న పడవ దిగిపోయి, అడుగు వెన్ను అడ్డ ఇనుము మీద కూర్చుంది. వెనక ఇంజను బరువు, కింద ఇనుప అంచు. ప్రతి గుంతకూ ఒక దెబ్బ. ఫైబర్ పడవ నీళ్లలో ఉన్నప్పుడు అడుగంతా సమానంగా ఆనుతుంది కాబట్టి ఎంత బరువైనా మోస్తుంది. ఒక్క చోట పొడిస్తే ఓర్చుకోదు.

పడవను ఒడ్డున కాస్త ఎత్తున నిలిపి, అడుగున వెనక నుంచి ముందుకు వేలి కణుపుతో కొడుతూ రండి. ఎక్కువ చోట్ల డొల్ల చప్పుడు వస్తుంది. లోపల పొడవునా గట్టి పట్టీలు వేసిన చోట చప్పుడు మందంగా, చెక్క మీద కొట్టినట్టు మారుతుంది. రెండు పక్కలా ఆ గీతను సుద్దతో గీయండి. దూలాలు సరిగ్గా ఆ సుద్దగీతల కిందికి రావాలి, వెనక పలకను దాటి కొంచెం బయటికి ఉండాలి, పలక కింద ఖాళీ ఉండకూడదు. దూలాలను లోపలికి జరపడానికి రంధ్రాలు వేసిన పలకలూ బోల్టులూ చాలు. పైన పాత తివాచీ ముక్క గానీ మందపాటి రబ్బరు గానీ కప్పండి, మేకుల తలలు చెక్కలోకి దిగిపోవాలి. వెన్ను కింద ఒకటి రెండు రబ్బరు రోలర్లు పెడితే దారి చూపడానికి పనికొస్తాయి, బరువు మాత్రం వాటి మీద వదలవద్దు.

గుంతల మీద ట్రైలరు ఎగిరెగిరి పడుతోందని రాశారు. మూడింతల బరువు కోసం పెట్టిన కమాన్ పట్టీలు, అంటే ఇరుసు దగ్గరి స్ప్రింగు పట్టీలు, మీ పడవకు వంగడం లేదు. ముందు టైర్లలో గాలి కొంచెం తగ్గించి చూడండి. అప్పటికీ పడవ అదురుతుంటే రెండు పక్కలా సమానంగా అడుగున ఉన్న పొట్టి పట్టీలను తీయించవచ్చు, పై పట్టీని తాకకూడదు. తీశాక యూ బోల్టులు వదులవుతాయి, మళ్లీ బిగించాలి. ఆ పట్టీలను నూనె రాసి అటక మీద దాచండి. ఎందుకు దాచమంటున్నానో కింద చెబుతాను.

గంగమ్మ గుడి మలుపు నిజమైన చిక్కే. దానికి మూడు దారులు కనిపిస్తున్నాయి. ముందు కడ్డీలో 3 అడుగులు కోసేస్తే మలుపు తిరుగుతుంది. కానీ పొట్టి ట్రైలరు రివర్సులో చటుక్కున మడత పడుతుంది, పొడవాటిది నెమ్మదిగా మాట వింటుంది. రేవులో దింపేటప్పుడు బొలెరో వెనక చక్రాలు మరో 3 అడుగులు ఉప్పునీటి వైపు వెళ్లాలి. హుక్కు మీది 55 కిలోలు కూడా 67కు చేరతాయి, అది పరిమితిలోనే ఉంది కాబట్టి ఫరవాలేదు. కోసినదాన్ని అతికించడం మాత్రం కోయడమంత తేలిక కాదు. రెండో దారి, కడ్డీని కోసి ఒకదానిలో ఒకటి జారే గొట్టంలా చేసి, మందపాటి పిన్నుతో బిగించడం. మలుపులో పొట్టిగా, రేవులో పొడుగ్గా వాడుకోవచ్చు. ఇది ప్రాణాల మీది పని. గొట్టం మందం, లోపల దూరే పొడవు తెలిసిన మనిషే చేయాలి. మూడో దారికి ఖర్చు లేదు. మలుపు దగ్గర బొలెరోను విప్పి, ముందు ఒక చిన్న చక్రం తగిలించి, నలుగురు చేతులతో తిప్పడం. ఏడాదికి ఎన్నిసార్లు ఆ మలుపు తిరగాలో లెక్కపెట్టి చూడండి. నాలుగైదుసార్లే అయితే నేను మూడోదానికే మొగ్గుతాను.

ఎక్కడ వెల్డింగు చేయించినా ట్రైలరుకు ఉన్న జింకు పూతను ముందు రాపిడి యంత్రంతో తీసేయాలి. ఆ పూత కాలితే వచ్చే తెల్లటి పొగ పీల్చినవారికి ఆ రాత్రే చలిజ్వరం పట్టుకుంటుంది. ఈ సంగతి మీ బావగారికి నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

కాగితాల మాట మీరు ఎత్తనే లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అదే చట్టంలోని 52వ సెక్షను అడ్డుకుంటుంది. దూలాలు జరపడం వేరు, ఇరుసు చోటు మార్చి పొడవు తగ్గించడం వేరు. పైగా బండి ఆంధ్ర నుంచి ఒడిశాకు వచ్చింది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. వేలం కాగితం, పాత రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేవో బావగారిని అడిగి, అవి పట్టుకుని జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్లిన తర్వాతే మళ్లీ రహదారి ఎక్కించండి. కాగితాలు అసలే లేవని తేలితే నేను పైన చెప్పిన లెక్కలన్నీ రెండో వరుసలోకి వెళతాయి. అప్పుడు అమ్మడం గురించి నిజంగానే ఆలోచించాలి.

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి వస్తాను. కోపం వల్లే ఆయన మౌనంగా ఉన్నారని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు. ఆయన గీత మీద వేలు పెట్టినప్పుడు ఫైలిన్ రాత్రి విరిగిన పడవ కళ్ల ముందు కదిలి ఉంటుంది. అంతకంటే లోతైనది మరొకటి ఉందేమో చూడండి. మర్నాడు ఆయన పది మందిని పిలిచారు. తిత్లీ నాడు పద్నాలుగు మంది వచ్చారు. ఈ రోజు వాళ్ల పడవకు మనం భుజం వేస్తేనే రేపు మన పడవకు వాళ్లు వేస్తారు, ఆయన ఎరిగిన భద్రత అదే. ఇంటి ముందు ట్రైలరు నిలబడితే 'వాళ్లకిక మనతో పనిలేదు' అని ఊరు అనుకుంటుందన్న భయం ఆయనకు ఉండవచ్చు. అది తీసిపారేయవలసిన భయం కాదు. తుఫాను రాత్రి బొలెరో కదలకపోతే మిగిలేవి ఆ భుజాలే.

ఇక్కడే ట్రైలరు పెద్దదిగా ఉండడం వేరే రకంగా కనిపిస్తుంది. మీ ఊళ్లో 20, 22 అడుగుల పడవలు ఉన్నవారు ఎందరో ఉంటారు. వాతావరణ శాఖ తుఫాను ముందస్తు హెచ్చరికను 48 గంటల ముందు, అసలు హెచ్చరికను 24 గంటల ముందు ఇస్తుంది. ఆ 48 గంటల్లో, గాలి లేవకముందే, ఒక్క ట్రైలరు ఒకదాని తర్వాత ఒకటిగా పది పడవల్ని తోట వెనక్కి చేర్చగలదు. దూలాలు, వించి స్తంభం బోల్టుల మీద జరిగేలా ఉంటేనే, తీసిన కమాన్ పట్టీలు అటక మీద ఉంటేనే అది సాధ్యం. కోసి మీ పడవకే సరిపోయేలా చేస్తే అది మీ ఒక్కరి బండి అవుతుంది. దీనిలోనూ చిక్కులున్నాయి. టైరు పేలితే ఖర్చెవరిది, ఒకేసారి ముగ్గురు అడిగితే ముందెవరికి, ఎవరి పడవకైనా గీత పడితే మాట ఎవరు పడాలి? ఇవి తుఫాను రోజున కాదు, ఎండ కాస్తున్న రోజున నలుగురూ కూర్చుని తేల్చుకోవాలి. మీ నాన్నగారి లాంటి పెద్దమనిషి మధ్యలో ఉంటే తేలుతుంది, ఆయన లేకపోతే తేలదు.

తోట వెనక్కి చేర్చాక పడవను ట్రైలరు మీదే వదిలి రావద్దు. ఎత్తున ఉన్నది గాలికి సులువుగా దొరుకుతుంది. నేల మీదికి దింపి, ఇంజను ఊడదీసి, అడుగు బిరడా తీసి, నాలుగు వైపులా లోతుగా దిగ్గొట్టిన మేకులకు కట్టండి.

25 వేలకు అమ్మితే 13 వేలు పోతాయి. డబ్బు వరకే చూస్తే అది ఘోరమైన నష్టం కాదు, గొలుసు వెంటనే విడిపించుకోవచ్చు. మీ ఆవిడ మనసులో ఏముందో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. గొలుసు ఆమెది కాబట్టి ఈ విషయంలో మొదటి మాట ఆమెదే. అమ్మాలని ఆమె అంటే అక్కగారి కన్నీళ్లకు భయపడి ఆపవద్దు, కాకపోతే వ్యాపారి కంటే ముందు ఆ మాట బావగారికి మీ నోటితోనే తెలియాలి. తిప్పి పంపడం మాత్రం నాకు నచ్చలేదు. డబ్బు వస్తుందన్న నమ్మకం లేదు, ఇచ్చిన చేతిని తోసినట్టు మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఉంచుకోవాలని నిర్ణయిస్తే, బరంపురం వర్క్‌షాపు కంటే ముందు బావగారిని రెండు రోజులు రమ్మనండి. ఆయన వెల్డరు. రంధ్రాల పలకలు, స్తంభం మార్పు ఆయన చేతిలో పని. 'మీరు ఇచ్చింది సరిపోలేదు' అనడానికీ 'దీన్ని సరిపెట్టడానికి మీరు రావాలి' అనడానికీ అక్కగారికి తేడా తెలుస్తుంది. కొలతలు తీసేటప్పుడు టేపు రెండో కొస నాన్నగారి చేతికి ఇవ్వండి. వేలి కణుపుతో కొట్టి చప్పుడు వినే పని కూడా ఆయనకే అప్పగించండి, ఆ పడవను ఆయనకంటే బాగా ఎరిగినవారు లేరు.

ఉప్పునీరు తాకిన ప్రతిసారీ చక్రాల దగ్గర బావినీళ్లు పోసి కడగండి. రహదారి మీద నడిచి వేడెక్కిన చక్రాలను వెంటనే నీళ్లలోకి దింపితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుని, బేరింగుల్లోకి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. అరగంట ఆగి దింపండి.

గీతను రెసిన్‌తో పూడ్చేముందు లోపలి వైపు కూడా ఉందేమో, నీరు ఊరుతోందేమో చూడండి. ఊరుతుంటే పడవ సముద్రం మీదికి వెళ్లకూడదు, ముందు మరమ్మతే. ఊరకపోతే గీత రెండు కొసల దగ్గర చెరగని రంగుతో చుక్కలు పెట్టి, కొత్త దూలాల మీద ఊళ్లోనే నెమ్మదిగా నాలుగుసార్లు తిప్పి, చుక్కలు దాటి గీత పెరిగిందో లేదో నాన్నగారి చేతే చూపించండి. ఏం కనిపించిందో, కాటా మీద కొత్త అంకె ఎంత వచ్చిందో అమ్మాయి చేత మళ్లీ రాయించండి.